పులిని కాదు, గొర్రెని కుట్టాను: ఒకటి రెండు తరగతుల్లో ఒక గుడ్డ బొమ్మ కేస్ స్టడీ

మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపు మెట్ట ఊరు, ఎంపీపీ స్కూల్, అంటే మండల పరిషత్ ప్రాథమిక బడి, ఒకటి రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటారు, నేను ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని, పెళ్ళికి ముందు నుంచీ మిషన్ కుట్టే అలవాటుంది. "నాన్నా పులి" కథ కోసం ఒక గుడ్డ బొమ్మ కుట్టి క్లాసులో వాడితే ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నా. కుట్టు సంగతి కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టండి, ఎందుకంటే టీచర్లు తయారుచేసిన బోధనా సామగ్రిని చూపించే టీఎల్‌ఎం మేళాల్లో బొమ్మల పక్కన నిలబడి ఫొటోలు దిగడమే గానీ దాన్ని ఎట్ట కుట్టారు, పిల్లల చేతిలో పడ్డాక ఎన్నాళ్ళు ఆగింది అనేది ఎవరూ చెప్పరు.

కథ తెలియనివాళ్ళు లేరు. గొర్రెలు కాసే పిల్లాడు ఊరికే "నాన్నా పులి" అని అరిచి పెద్దోళ్ళని పరిగెత్తిస్తాడు, నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ రారు. మా పిల్లలకీ వచ్చు. చెప్పమంటే మాత్రం లేచి చేతులు కట్టుకుని "పులి వచ్చింది, ఎవరూ రాలేదు, అబద్ధం చెప్పకూడదు" అని ఒక్క గుక్కలో ముగించి కూర్చుంటారు. నీతి నోటికొచ్చేసింది, కథ రాలేదు. 2021 జూలై 5న నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం మొదలైనప్పటి నుంచీ మూడో తరగతి దాటేలోపు పిల్లలు అర్థం చేసుకుని చదవాలి అంటున్నాం, 2022 అక్టోబర్‌లో చిన్నపిల్లల చదువు కోసం వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులం ఫ్రేమ్‌వర్క్ కూడా ముందు మాట్లాడనివ్వండి, ఆడనివ్వండి అంటుంది, 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా అని బొమ్మల పెట్టె కూడా తెచ్చారు. అవన్నీ సరే, నా క్లాసు సమస్య ఇంకా చిన్నది: సొంత మాటల్లో నాలుగు వాక్యాలు వరసగా చెప్పాలి, అంతే.

బొమ్మ అనగానే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో అందరూ పులినే కుట్టమన్నారు. నాకది నచ్చలేదు. పులి బొమ్మ తెస్తే పిల్లలు అరుస్తారు, ఒకర్నొకరు తరుముకుంటారు, పది నిమిషాలు సరదా, దాంతో సరి. కథలో పులికి ఉన్న పని వచ్చి తినడం ఒక్కటే. పిల్లాడి బొమ్మ కుడదామంటే వాడి డైలాగ్ అందరికీ కంఠతా వచ్చు, కొత్తగా చెప్పేదేం లేదు. గొర్రె అట్ట కాదు, దానికి కథలో ఒక్క మాట లేదు, కానీ మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉంటుంది, జరిగేదంతా దానికే జరుగుతుంది. దాని తరఫున నోరు తెరవాలంటే ఎవడికి వాడు మాట వెతుక్కోవాల్సిందే. అందుకే గొర్రె.

ఇక్కడొక మెలిక ఉంది. చార్టుల్లో, యూట్యూబ్ రైమ్స్‌లో ఉండే గొర్రె మబ్బుకి కాళ్ళు మొలిచినట్టు ఉంటుంది. మన నెల్లూరు గొర్రెకి ఊలు ఉండదు. పొట్టి వెంట్రుకే, అదీ రొమ్ము దగ్గర, మూపు మీద, వెనక భాగంలో కాస్త ఎక్కువ. దేశంలో బాగా పొడవు పెరిగే గొర్రె జాతుల్లో మనది ముందుంటుంది, పొడుగు కాళ్ళు, పొడుగు ముఖం, కిందికి వేలాడే పెద్ద చెవులు, కురచ తోక, చాలావాటికి మెడ కింద రెండు మెడచన్నులు, అంటే వేలాడే చిన్న తోలు కొసలు. పొట్టేళ్ళకి కొమ్ములుంటాయి, ఆడవాటికి దాదాపు ఉండవు. రంగుని బట్టి మూడు రకాలు చెప్తారు: పల్ల అంటే తెలుపు, ఒక్కోదానికి లేత గోధుమ రంగు మచ్చలు, జోడిపి అంటే తెల్ల ఒంటి మీద కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, కింది దవడ మీద నల్ల మచ్చలు, దొర అంటే ఒళ్ళంతా గోధుమ రంగు. మా ఊర్లో మందలు ఎక్కువ జోడిపివే, కాబట్టి జోడిపి ఆడ గొర్రెని కుట్టాలనుకున్నా. బొచ్చు గుడ్డ కొనే పని తప్పింది, నిజానికి అదే పెద్ద లాభం, ఆ బొచ్చు గుడ్డ కత్తిరిస్తే ఇల్లంతా వెంట్రుకలే, పిల్లలు పట్టుకుంటే నెలకే మురికి అట్టలు కడుతుంది.

గుడ్డ ఇంట్లోదే, పాత నూలు పంచె. పల్చగా అనిపిస్తే రెండు పొరలు పెట్టుకోండి, నేను లోపల బ్లౌజ్ లైనింగ్ గుడ్డ వేశా. బనియన్ గుడ్డ మెత్తగా ఉంటుందని కొందరు వాడతారు, అది సాగుతుంది, కూరేకొద్దీ ఉబ్బి గొర్రె కాస్తా పంది అవుతుంది. నిలువు పోగు కాళ్ళ పొడవునా వచ్చేట్టు కత్తిరించాలి, అడ్డంగా పెడితే కాళ్ళు సాగి మెలిపడతాయి. నల్ల మచ్చలకి పాప్లిన్ ముక్కలు నెల్లూరు చిన్నబజారులో కొన్నా, కుట్టే ముందు తడిపి తెల్ల గుడ్డ మీద రుద్ది రంగు దిగుతుందో లేదో చూసుకోవాలి, దిగితే మొదటి ఉతుకులోనే గొర్రె మొహం అంతా బూడిద రంగు.

ముందు న్యూస్ పేపర్ మీద గీసి, చిరిగిన దుప్పటి ముక్కతో ఒక నమూనా కచ్చాకుట్టు వేసి, మా రెండో తరగతి పిల్లాడి తాతకి చూపించా, ఆయన చిన్నప్పటి నుంచీ మంద తోలుకునే మనిషి. నమూనాని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చి చూసి "కాళ్ళు ఇంకాస్త పొడుగు పెట్టమ్మా, ఇది మేకపిల్ల మాదిరుండాది. చెవి ఇంత పైన కాదు, కంటికి ఎనకమాల, కిందికి జారాల" అన్నాడు. తోక చూసి నవ్వాడు. తోక సగానికి కోసేశా. ఆయన చెప్పినవన్నీ ప్యాటర్న్‌లో దిద్దుకున్నాకే పంచె మీద కత్తెర పెట్టా. ఏ జంతువు బొమ్మ కుట్టినా దాన్ని సాకే మనిషికి నమూనా ఒకసారి చూపించండి, పుస్తకంలో బొమ్మ చూసి కుట్టిందానికీ దీనికీ పిల్లలు ఇట్టే తేడా కనిపెట్టేస్తారు.

నాలుగు కాళ్ళ మీద నిలబడే బొమ్మకి ముక్కలు ఇట్ట పడతాయి: పక్క ముక్కలు రెండు, కాళ్ళతో కలిపి, పొట్ట ముక్కలు రెండు, లోపలి కాళ్ళతో కలిపి, ముక్కు కొన నుంచి నెత్తి మీదుగా మెడ వెనక దాకా ఒక పట్టీ, చెవులకి నాలుగు, తోకకి రెండు, కాళ్ళ అడుగున నాలుగు గుండ్రటి బిళ్ళలు. మార్జిన్ చుట్టూ పావు అంగుళం. ఎత్తు భుజం దగ్గర అడుగు వచ్చేట్టు చూసుకున్నా, అంతకంటే చిన్నదైతే వెనక వరస పిల్లలకి కనపడదు, పెద్దదైతే ఒకటో తరగతి పిల్ల ఒళ్ళో పట్టదు. అసలు కీలకం పొట్ట ముక్కలో ఉంది. ఆ రెండు పొట్ట ముక్కలు కలిసే మధ్య గీతని తిన్నగా వదిలేస్తే బొమ్మ కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంటుంది, ఆ గీతని నడుమ దగ్గర ముక్క లోపలికి కాస్త వంపు తీసి కత్తిరిస్తే కాళ్ళు దగ్గరికొచ్చి నిలబడుతుంది. ముందుకాలికీ వెనక్కాలికీ నడుమ మూల దగ్గర రెండుసార్లు కుట్టి, కుట్టుకి నూలుపోగంత దూరం దాకా కత్తెరతో కాటు పెట్టాలి, లేకపోతే తిరగేసినప్పుడు అక్కడ ముడతలు పడి ఎంత లాగినా పోవు. వంపులున్న చోటల్లా చిన్న చిన్న కాట్లు.

చెవుల గురించి ఒక మాట. పిల్లలు బొమ్మని ఎత్తేది చెవి పట్టుకునే, ఎన్నిసార్లు చెప్పినా అంతే. కాబట్టి చెవిని చివర్లో చేత్తో అతికించకుండా తల ముక్కలో చీలిక కోసి, చెవి మొదలు ఆ చీలికలో పెట్టి మిషన్ మీదే కుట్టేయాలి. మెడచన్నులు కూడా అంతే, గుడ్డని సన్నటి గొట్టంలా కుట్టి తిరగేసి మెడ కింది కుట్టులో కలిపేశా. కళ్ళకి గుండీలు, పూసలు వద్దు, నల్లదారంతో నిండుగా ఎంబ్రాయిడరీ చేయడమే. 2021 జనవరి 1 నుంచి అమ్మే బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు, ఇంట్లో కుట్టి క్లాసుకి తెచ్చేదాన్ని ఎవరూ వచ్చి చెక్ చేయరు, అందుకే ఊడొచ్చే చిన్న ముక్క ఏదీ లేకుండా చూసుకోవాల్సింది మనమే. అంగన్‌వాడీ పిల్లలు కూడా మా వరండాలోనే ఆడుకుంటారు, వాళ్ళ చేతికి దొరికింది నోట్లోకే పోతుంది.

లోపల పాత దిండులోని రెక్రాన్, అంటే పాలిస్టర్ దూది, విడదీసి ఎండబెట్టింది. దూది కూరితే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది, టైలర్ దగ్గర దొరికే గుడ్డ పీలికలు కూరితే గట్టిగా ఉంటుంది గానీ ఒళ్ళు గుంటలు గుంటలుగా కనపడుతుంది. కాళ్ళు ముందు నింపాలి, అదీ కొద్ది కొద్దిగా, పెన్ను వెనక భాగంతో కూరుతూ, మెడ దగ్గర అన్నిటికంటే గట్టిగా, అక్కడ వదులైతే రెండు రోజులకే తల వాలిపోయి జబ్బు గొర్రె అవుతుంది. పొడుగు కాళ్ళతో నిలబడాలంటే బరువు కావాలి, తీగ పెట్టడం నాకు ఇష్టం లేదు, గుడ్డ చీల్చుకుని వస్తే ప్రమాదం. చింతగింజలు పెనం మీద వేయించి, పురుగు పట్టకుండా, గట్టి గుడ్డ సంచి రెండు పొరలుగా కుట్టి అందులో పోసి మూసేసి, ఆ సంచిని పొట్టలో పెట్టా. పొట్ట కింద కుట్టు వేయకుండా వెల్‌క్రో పెట్టా, ఉతికేటప్పుడు సంచి బయటికి తీయాలి గదా. మొత్తం అరకిలో పైనే తూగుతుంది.

ఈ బరువు సంగతి ఇంత విడమరిచి ఎందుకు చెప్తున్నానంటే క్లాసులో కథని మలుపు తిప్పింది అదే.

బొమ్మని తెచ్చిన రోజు నేనేమీ ప్రకటించలా. కథ మామూలుగానే నోటితో చెప్పి, గొర్రెని తెచ్చి బల్ల మీద నిలబెట్టి, హాజరు పట్టీ రాసుకుంటూ కూర్చున్నా. పిల్లలు చుట్టూ చేరారు. బొచ్చు లేదేంది అని ఎవరూ అడగలేదు, "జోడిపి" అని ఒకడు, "మా మందలోది మాదిరే ఉండాది" అని ఇంకొకడు. ఆ తాత మనవడు మాత్రం రెండు చేతులూ పొట్ట కింద వేసి పైకెత్తి, బరువు చూసి, పొట్ట తడిమి, చాలా సీరియస్‌గా "టీచర్, ఇది సూడిది" అన్నాడు. అంతే. ఇంక అది మామూలు గొర్రె కాదు, సూడి గొర్రె, కడుపుతో ఉన్నది. ఒక్కొక్కరూ వచ్చి పొట్ట తడిమి చూశారు, చింతగింజలు చేతికి తగిలి కదిలినట్టు అనిపిస్తుంది గదా, "తంతాంది" అని ఒక పిల్ల చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

ట్రైనింగుల్లో బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి అనే ఆట చెప్తారు. నేనది పెట్టలా. మాట్లాడటానికి జంకే పిల్ల చేతికి బొమ్మ ఇచ్చి అందరి ముందూ మాట్లాడమంటే అది బొమ్మ వేషంలో వచ్చిన పరీక్షే. ఇక్కడ తిరగేశాం: గొర్రెని పట్టుకున్నోళ్ళు ఊరికే పట్టుకుంటారు, మిగతావాళ్ళు గొర్రెకి కథ చెప్తారు. "టీచర్‌కి చెప్పు" అన్నప్పుడు చేతులు కట్టుకుని నీతి చెప్పే పిల్లలే "గొర్రెకి చెప్పు, దానికి తెలీదు ఏం జరిగిందో" అంటే వంగి దాని చెవి దగ్గర నోరు పెట్టి చెప్తున్నారు. అస్సలు మాట్లాడని పిల్ల ఒకతి ఉంది, ఆమె గొర్రెని ఒళ్ళో పెట్టుకుని ఆ మెడచన్నులు రెండూ వేళ్ళతో మెలితిప్పుతూ కూర్చునేది, ఎవరైనా కథలో ఒక ముక్క వదిలేస్తే మాత్రం తల అడ్డంగా ఊపేది. ఆమె ఇప్పటికీ కథ చెప్పదు, వినడం మాత్రం అంత శ్రద్ధగా ఇంకెవరూ వినరు, నాకది చాలు.

మొదట్లోనూ, తర్వాత కొన్ని వారాలకీ పిల్లల మాటలు ఫోన్‌లో రికార్డ్ చేశా. ఒకటి ఉన్నదున్నట్టు రాస్తున్నా, రెండో తరగతి పిల్లాడిది: "పొద్దన్నే మందని తోలినారు. ఈ గొర్రె సూడిది గదా, నడవలేక ఎనకబడింది. వాడు ఊరికే పులి పులి అని అరిసినాడు. మందంతా బెదిరి పరిగెత్తె. ఇది పరిగెత్తలేక గుంటలో పడె. పులి రానే లేదు, ఐనా దీనికి దెబ్బ తగిలె. అందుకని అట్ట అరవకూడదు." నీతి అదే, కానీ అక్కడికి వచ్చిన దారి వాడిది. మనం చెప్పే కథలో మొదటి రెండు అబద్ధాల వల్ల నష్టం ఎవరికీ లేదు, పెద్దోళ్ళ టైం వేస్ట్ అంతే. వాడి లెక్కలో మొదటి అబద్ధానికే గొర్రె పడిపోయింది. ఈ కథ ఇన్నేళ్ళు చెప్తున్నా, నాకెప్పుడూ ఆ ఆలోచన రాలా.

తర్వాత వాదనలు మొదలు. మన ఊర్లో పులి యాడుంది, పులులు నల్లమలలో గదా, మందల మీద పడేది కుక్కలు అని ఒకడు. అది నిజం, ఊరకుక్కల గుంపు దొడ్డిలో దూరితే ఒక్క రాత్రిలో ఎన్ని పోతాయో గొర్రెలున్నోళ్ళ ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. పులి వస్తే గొర్రె ఎందుకు అరవలా, అది అరిచుంటే ఊరోళ్ళు వచ్చుండేవాళ్ళు గదా అని ఒక పిల్ల అడిగితే, తాత మనవడు "మేక అరుస్తాది, గొర్రె అరవదు, భయమేస్తే అన్నీ ఒకచోట కరుసుకుంటాయి" అని తేల్చేశాడు. ఒక పిల్లాడు పెన్సిల్‌ని సిరంజి లాగా పట్టుకుని గొర్రెకి నట్టల మందు, అంటే కడుపులో పురుగులకి వేసే మందు, పోశాడు. మంద కలిసిపోతే మన గొర్రె అని ఎట్ట తెలుస్తుంది, గుర్తు వెయ్యాల అంటే వీపు మీద ఎర్రదారంతో ఒక అడ్డగీత కుట్టా. మధ్యలో ఒకడు "దీన్ని ఆదివారం కోస్తారా టీచర్" అన్నాడు. క్లాసు ఒక్క క్షణం గమ్మునయింది, నేను జవాబు చెప్పేలోపే ఇంకో పిల్ల "పొట్టేళ్ళని అమ్ముతారు, ఈనేదాన్ని ఎవరు కోస్తారు" అంది. గొర్రెల మీద బతికే ఊర్లో ఆ ప్రశ్నకి కంగారు పడాల్సింది టీచరే, పిల్లలు కాదు.

సూడి గొర్రె ఐదు నెలలకి ఈనుతుందని వాళ్ళకి లెక్క తెలుసు, నన్ను మాత్రం అన్ని రోజులు ఆగనివ్వలేదు. అరచేతిలో పట్టే గొర్రెపిల్లని కుట్టి, చింతగింజల సంచి తీసి దాని స్థానంలో పెట్టి, వెల్‌క్రో మూసి తెచ్చా. గోధుమ రంగు గుడ్డ మిగిలి ఉంటే దాంతోనే కుట్టా, జోడిపికి దొర పిల్ల ఎట్ట పుట్టింది అని పెద్ద చర్చ, చివరికి తండ్రి దొర పొట్టేలు అయ్యుంటాదని వాళ్ళే సర్దుకున్నారు.

ఇంక తేలింది ఏంటి అంటే, మాటల్లో తేడా స్పష్టంగా ఉంది. మొదటి రికార్డింగుల్లో వాక్యం తర్వాత వాక్యం విడివిడిగా ఉంటే, తర్వాతవాటిలో "అందుకని", "గానీ", "పడినాక", "ఐనా" లాంటివి వచ్చాయి, కథ ఒక దండలోకి వచ్చింది. మంద, దొడ్డి, సూడి, ఈనడం లాంటి ఇంటి మాటలు క్లాసులోకి వచ్చాయి, నేను వాటినే బోర్డు మీద రాసి చదివించా. రాతలో మాత్రం పెద్ద మార్పు లేదు, "గొర్రె"కి ర వత్తు ఇంకా సగం మంది వదిలేస్తున్నారు, దానికి బొమ్మ పనికిరాదు, విడిగా కూర్చోబెట్టి రాయించాల్సిందే. గొర్రెలు లేని ఇళ్ళ పిల్లలు, ముఖ్యంగా ఆటో నడిపే ఆయన కూతురూ, కిరాణా కొట్టాయన కొడుకూ, మొదట్లో కాస్త బయటే ఉండిపోయారు, తెలిసినోళ్ళ పెత్తనం ఎక్కువైపోతుంది ఇట్టాంటి చోట. వాళ్ళిద్దర్నీ గొర్రెల డాక్టర్లని చేశాక కొంత కుదిరింది, పూర్తిగా కాదు. బొమ్మని మూడో తరగతికి పంపితే అక్కడి పిల్లలు రెండు రోజులు ఆడి వదిలేశారు.

బొమ్మ మన్నిక విషయానికొస్తే చెవులు ఊడలేదు, వెనక్కాలి బిళ్ళ ఒకటి విడిపోతే కనపడకుండా కుట్టు వేశా: రెండు అంచులూ లోపలికి మడిచి, ఈ మడతలో కొంచెం, ఆ మడతలో కొంచెం నిచ్చెన మెట్లలా సూది పోనిచ్చి చివర్లో దారం లాగితే అంచులు వాటంతట అవే మూసుకుంటాయి. దారం పాలిస్టర్‌దే వాడండి, నూలు దారం ఇన్ని చేతుల్లో ఆగదు. శనివారం సంచి తీసేసి సర్ఫ్ నీళ్ళలో పిండి, కాళ్ళు పైకి పెట్టి ఎండేస్తే సోమవారానికి సిద్ధం. వెల్‌క్రో గరుకు వైపు దారాలు చుట్టుకుని పట్టు తగ్గింది, పిన్నీసుతో లాగేస్తే మళ్ళీ అంటుకుంటుంది.

ఇప్పుడు పిల్లలు కుక్కలు కావాలంటున్నారు, పులి ఎటూ రాదు కాబట్టి. ప్యాటర్న్ ఇదే సరిపోతుంది, కాళ్ళు రెండు అంగుళాలు కురచ చేసి, ముఖం పట్టీ సన్నం చేసి, తోక పొడుగు పెట్టి పైకి తిప్పితే చాలు. ఖాకీ గుడ్డ ఉంది. ఎన్ని కుక్కలు అనే దగ్గరే తేలట్లేదు, గుంపుగా వస్తేనే గొర్రెల మీద పడతాయి టీచర్, ఒక్కటి వస్తే మా తాత కర్ర తీస్తే పారిపోతాది అంటున్నాడు మనవడు, నాకేమో రెండింటికే గుడ్డ ఉంది.